మా వదిన కాలు

నాకు కోపం ఎక్కువ. దాచను, దాచినా దాగదు. ఇరవై రెండేళ్ళుగా బడిలో డ్రిల్లు టీచర్ని. ఎండలో మూడు వందల మంది పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, అందరి చేతులూ ఒకేసారి పైకి లేపించాలంటే గొంతు ఉండాలి, కాస్త కోపమూ ఉండాలి. రెండూ నీకు పుట్టుకతోనే వచ్చాయి అంటాడు మా అన్నయ్య. తనకి పుట్టుకతో ఏం వచ్చిందో ఆ శనివారం దాకా నాకు తెలియలేదు.

అయితే ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు, మా వదిన సంగతి. చెప్తూ చెప్తూ మధ్యలో నేను మండిపడితే మీరే సర్దుకుపోండి.

అన్నయ్య కార్ల మెకానిక్. ఇంటి ముందు జాగాలో రేకుల షెడ్డు వేసుకుని అక్కడే బళ్ళు బాగుచేస్తాడు. అందరూ మేస్త్రీ అని పిలుస్తారు. వదిన కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, వంటింట్లో కూర తరుగుతున్న మనిషిని కేకేసి, కాస్త ఇలా వచ్చి ఈ పెడల్ తొక్కి పట్టుకో అన్నాడట. వదిన చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచీ ఆవిడ కుడికాలు మా అన్నయ్య పనిముట్లలో ఒకటైపోయింది.

బ్రేకుల్లో గాలి తీయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పెడల్ తొక్కితే ఆయిల్ సన్నటి గొట్టాల్లోంచి నాలుగు చక్రాలకీ వెళ్ళి బ్రేకు పట్టిస్తుంది. ఆ ఆయిల్లో గాలి చేరిందంటే పెడల్ మెత్తబడిపోతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. దాన్ని బయటికి పంపడానికి ఒకరు లోపల కూర్చుని పెడల్ నాలుగుసార్లు కొట్టి, గట్టిగా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం పక్కన పడుకుని ఒక చిన్న నట్టు విప్పాలి. గాలీ ఆయిలూ కలిసి బుడగలు బుడగలుగా బయటికొస్తాయి. నట్టు మళ్ళీ బిగించేదాకా లోపలి మనిషి కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, చేసిన చాకిరీ అంతా గంగపాలు. పని తెలిసిన ఇద్దరికి ఇది అరగంట పని. తెలియని ఇద్దరికి సాయంత్రం దాకా పడుతుంది, పైగా ఒక పోట్లాట.

వదిన పద్నాలుగేళ్ళు తొక్కింది. తొక్కుతూ తొక్కుతూ పని నేర్చుకుంది. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. షెడ్డులో బాగైన ప్రతి బండినీ ముందు తనే తీసుకెళ్ళి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కించి దించి తెచ్చేది. వచ్చి, కుడివైపుకి లాగుతోందండీ అనో, మూడో గేరులో ఏదో గొణుగుతోంది అనో చెప్పేది. ఆవిడ చెప్పిన చోట చూస్తే తప్పు అక్కడే ఉండేది. బండి తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం మీ చేతిలో ఏముందో గానీ మేస్త్రీ, అని మా అన్నయ్యని పొగిడేవాళ్ళు. అన్నయ్య ఆ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నవ్వేవాడు.

ఆరేళ్ళ కిందట, వెనకవీధి టైలర్ తన పాత కారు బ్రేకులు చేయించుకుని తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా ఆ కారు నీళ్ళ ట్యాంకు దిగుడులో ఆగకుండా వచ్చేసింది. తొక్కిన పెడల్ తొక్కినట్టే నేలకి అంటుకుపోయిందట. కింద జనం ఉన్నారని అతను బండిని పక్కనున్న గోడకి తిప్పేశాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. టైలర్ కుడి మోకాలు మాత్రం నుజ్జయింది. కట్లు విప్పాక కాలు కర్రలా అయిపోయింది, వంగదు. జీవితమంతా మిషను తొక్కిన మనిషి ఇప్పుడు ఎడమకాలితో కుంటుకుంటూ తొక్కుతాడు. రోజుకి ఎనిమిది చొక్కాలు కుట్టేవాడు మూడు కుడితే గొప్ప.

ఏమైంది మేస్త్రీ అని అందరూ అడిగారు. మా ఆవిడ నట్టు బిగించకముందే కాలు తీసేసింది అన్నాడు అన్నయ్య. అంతే, ఆ ఒక్క వాక్యంతో చేతులు దులుపుకున్నాడు.

ఇక చూడండి మన జనం సంగతి. బండి ఇచ్చిన ప్రతివాడూ, దీనికి మీ ఆవిడ కాలు పెట్టలేదు కదా అని ఇకిలించడం. మొదట పెడల్ మీది కాలు. తర్వాత తర్వాత అది ఉత్త కాలు అయిపోయింది. ఆవిడ కాలు మంచిది కాదట, ఆవిడ ఎదురొస్తే బండి మొరాయిస్తుందట. మా బంధువుల్లో ఒకావిడ, ఇంట్లో కాలు పెట్టిన నాడే నేను అనుకున్నాను అని నా ముందే అంది. ఏమనుకున్నావో చెప్పు అని నేను మీదికి వెళ్తే నోరు మూసుకుంది. కానీ నేనేం తక్కువ తిన్నానని? అయ్యో వదినా, నువ్వైనా కాస్త చూసుకోవలసింది కదా అని నేనూ ఒకసారి అన్నాను. వదిన ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే ఉంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్నిటికంటే దారుణం టైలర్ వాళ్ళమ్మ. కొడుకు మంచంలో ఉన్నప్పుడు, రెండు రోజులు వెళ్ళి గుండీలవీ కుట్టిపెట్టు, వాళ్ళ కోపం చల్లారుతుంది అని అన్నయ్యే వదినని పంపాడు. ఆ రెండు రోజులు ఆరేళ్ళయ్యాయి. రోజూ మధ్యాహ్నం వదిన ఆ కొట్టుకి వెళ్ళి కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, మిగిలినవి సంచిలో ఇంటికి తెచ్చుకుని కుట్టేది. పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని ముసలావిడ తిట్టేది. నా కొడుకు కాలు తీసిన కాలు అనేది. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చూపించి మరీ అనేది. వదిన సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చునేది. ఆ ప్రమాదం తర్వాత వదిన షెడ్డులో పెడల్ మీద కాలు పెట్టలేదు, స్టీరింగ్ ముట్టుకోలేదు. అన్నయ్య ఎదురింటి సైకిల్ షాపతన్ని పిలుచుకుని పని నడిపించుకునేవాడు.

అలాంటి వదిన రెండు నెలల కిందట నాకు ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగదు. "మీ బడికి వ్యాన్ డ్రైవరు కావాలట కదా, నేను పనికొస్తానా?" అంది. చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. ఎగురుకుంటూ వెళ్ళి మా హెడ్మిస్ట్రెస్‌కి చెప్పాను. చిన్నపిల్లల వ్యాన్‌కి ఆడమనిషి దొరకడమే పదివేలు అని ఆవిడా సంబరపడింది. సెలవు రోజుల్లో మా ఊరి మైదానంలో వదిన చేత వ్యాన్ నడిపించి చూశాం. ఆరేళ్ళు ముట్టుకోని మనిషి, పిల్లలు గీసిన సున్నపు గీత మీద చక్రం పోకుండా తిప్పుకొచ్చింది.

తీరా పనిలో చేరబోయే ముందు, శుక్రవారం సాయంత్రం హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచింది. ఎవరో తల్లిదండ్రులు వచ్చి, ఆ మనిషి బ్రేకు పాడుచేసి ఒకాయన్ని కుంటివాణ్ణి చేసింది, ఆమె చేతికా మా పిల్లల్ని ఇస్తారు అని గొడవపెట్టారట. ఆవిడ తప్పు లేదని ఆ టైలరింటివాళ్ళ చేతే రాయించుకు రండి, నేను చూసుకుంటాను, సోమవారం దాకా ఆగుతాను, ఆ తర్వాత వేరేవాళ్ళని పెట్టుకోవాలి అంది. అందులో హెడ్మిస్ట్రెస్ తప్పేం లేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం పొద్దున్నే కారు తీసి బయల్దేరాను. దారిలో నా బ్రేకు కూడా మెత్తబడింది, రెండుసార్లు కొడితే గానీ పట్టడం లేదు. అసలే మంట మీద ఉన్నాను, అదొకటి. షెడ్డు ముందు బండి ఆపేసరికి వదిన మెట్ల మీద కూర్చుని టైలర్ చొక్కాలకి గుండీలు కుడుతోంది. అన్నయ్య టీ తాగుతున్నాడు. సంగతంతా చెప్పి, లే, టైలర్ దగ్గరికి పోదాం, అతన్ని బతిమాలుదాం అన్నాను. అన్నయ్య నీళ్ళు నమిలాడు. జరిగిపోయినదాన్ని ఇప్పుడు కెలకడం ఎందుకన్నాడు. ఆ ముసలావిడ నోట్లో ఎవరు పడతారన్నాడు. ఈ వయసులో దీనికి వ్యాన్లెందుకే అన్నాడు. చివరికి, ముందు నీ బండి బ్రేకులు చూడనీ, ఇలాగే వెనక్కి వెళ్తావా ఏంటి అంటూ జాకీ పట్టుకుని కారు కిందికి దూరాడు. తప్పించుకోవడానికి కారు కిందకంటే మంచి చోటు ఏముంటుంది?

సైకిల్ షాపతను ఊళ్ళో లేడు. తొక్కడానికి ఒకసారి రా అని అన్నయ్య వదినని పిలిచాడు. నేను తొక్కను అంది వదిన, కుట్టు మీంచి తల ఎత్తకుండా. సరే, నేనే ఎక్కి కూర్చున్నాను.

మొదట వెనక ఎడమవైపు చక్రం. కొట్టు అన్నాడు, నాలుగుసార్లు కొట్టాను. పట్టు అన్నాడు, తొక్కి పట్టుకున్నాను. కింద స్పానర్ కిర్రుమంది. "వదులు" అన్నాడు. కాలు తీశాను.

కింద నుంచి ఒక కేక. కాలు ఎవరు తీయమన్నారు అని. నువ్వే కదా వదులు అన్నావు అన్నాను. వదులు అంటే నట్టు వదులైందని, నువ్వు వదలమని కాదు, అన్నాడు.

"మరి నేను వదలాలంటే ఏమంటావు?"

"వదులు అంటాను."

నేను స్టీరింగ్ మీద నుదురు ఆనించి పది అంకెలు లెక్కపెట్టాను. బడికి వచ్చే డాక్టరమ్మ నేర్పిన చిట్కా అది, ఒక్కసారీ పనిచేయలేదు. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాం. మొదటి వదులు నట్టుది, రెండో వదులు కాలుది, గుర్తుపెట్టుకో అన్నాడు. గుర్తుపెట్టుకున్నాను. నాలుగు విడతల్లో గాలి అంతా వచ్చి, కింద పెట్టిన సీసాలో ఉత్త ఆయిల్ పడడం మొదలైంది. ఫరవాలేదే అనుకున్నాను.

తర్వాత కుడి వెనక చక్రం. అక్కడి నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొట్టాను, పట్టుకున్నాను. కింద అన్నయ్య మూలుగుతున్నాడు, స్పానర్‌ని సుత్తితో కొడుతున్నాడు. నా పిక్క వణుకుతోంది. ఎట్టకేలకి అది కదిలింది. "వదులు" అన్నాడు. ఊపిరి పీల్చుకుని, హమ్మయ్య అన్నట్టుగా, "వదులు" అని మళ్ళీ అన్నాడు. రెండయ్యాయి. కాలు తీశాను.

ఈసారి కేక వీధి చివరికి వినిపించి ఉంటుంది. రెండూ నట్టు గురించేనట. రాక రాక వచ్చింది కదా అని రెండుసార్లు అన్నాడట. ఆ మాత్రం తెలియదా, చదువు చెప్పే మనిషివి అన్నాడు.

నేను దిగాను. చూడు అన్నయ్యా, నేను పిల్లలకి కుడికీ ఎడమకీ ఒకటే మాట చెబితే మూడు వందల మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పళ్ళు రాలగొట్టుకుంటారు, అప్పుడు తప్పు పిల్లలదా, నాదా అని అడిగాను. తను నట్టు బిగిస్తూ, అన్నేళ్ళు మీ వదిన తొక్కలేదా, దానికి ఏ ఇబ్బందీ రాలేదే అన్నాడు. అది అలవాటు ప్రకారం మొదటిదానికి కదలదు, రెండోదానికి తీస్తుంది, అంతే, ఇందులో పెద్ద విద్యేముంది అన్నాడు.

అలా అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. కారు కింద నుంచి అన్నయ్య కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు.

"అంత అలవాటున్న మనిషి, ఆ రోజు ముందే ఎందుకు తీసింది?" అన్నాను.

 మెట్ల మీద వదిన దారం పంటితో తెంపింది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని, మాకు కాదు, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది. "టైలర్ కారుదీ ఇలాగే తుప్పు పట్టింది. నట్టు ఎంతకీ రాలేదు. వచ్చాక రెండుసార్లు అన్నారు. నేను లెక్కపెట్టుకునే తీశాను."

అన్నయ్య కారు కింద నుంచి బయటికొచ్చాడు. శుభ్రంగా ఉన్న స్పానర్‌నే గుడ్డతో తుడుస్తున్నాడు.

వదిన ఆపలేదు. పని అయ్యాక పెడల్ నొక్కి చూసి, మెత్తగా ఉందండీ అని కూడా తను చెప్పిందట. ట్యాంకు దాకా ఒకసారి తిప్పి తెస్తాను అందట. టైలర్ పెళ్ళివారి బట్టలు ఇవ్వాలని గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. నాలుగడుగులు నడిస్తే అదే సర్దుకుంటుంది అని అన్నయ్య తాళం అతని చేతిలో పెట్టేశాడు.

నా ఒళ్ళు ఎలా మండిందో నేను చెప్పలేను. అవునా అని అడిగాను. అన్నయ్య స్పానర్ కింద పెట్టాడు. తప్పు నీదని ఎప్పటి నుంచి తెలుసు నీకు అన్నాను. ఆ రోజే తెలుసు అన్నాడు. మరి ఆరేళ్ళుగా ఎందుకు నోరు విప్పలేదని అడిగితే, తలొంచుకుని ఇలా అన్నాడు.

"మేస్త్రీ పొరపాటు చేశాడంటే ఈ షెడ్డుకి ఎవరొస్తారే? ఆడమనిషి కాలు తీసేసిందంటే నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారనుకున్నాను."

నాలుగు రోజులట. అప్పుడు నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయడం కుదరదు. రాయగలిగినవి చెప్తాను. నీ షెడ్డు నిలబడింది రేకుల మీద కాదు, ఆవిడ పరువు మీద అన్నాను. పద్నాలుగేళ్ళు ఆవిడ కాలు కావలసొచ్చింది, ఆవిడ మాట మాత్రం ఒక్కసారీ అక్కర్లేకపోయింది అన్నాను. నువ్వు అన్నయ్యవి కాబట్టి సరిపోయింది, నా దగ్గర చదివే కుర్రాడివైతే సాయంత్రం దాకా మైదానం చుట్టూ పరిగెత్తించేదాన్ని అన్నాను. గోడ మీంచి పక్కింటివాళ్ళు తొంగిచూశారు. చూడనీ అనుకుని ఇంకాస్త గొంతు పెంచాను.

ఆ ఊపులోనే వదిన మీదికీ తిరిగాను. నీకేం పోయేకాలం వదినా, నీకు నోరు లేదా, ఆరేళ్ళుగా ఆ తిట్లన్నీ తింటూ కూర్చుంటావా, ఎవరికైనా ఒక్కమాట చెప్పలేకపోయావా అన్నాను.

వదిన నా వైపు చూసింది. ఆవిడకి కోపం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నా కోపంలాంటిది కాదు, గొంతు కూడా పెరగలేదు. "ఎవరడిగారు? వచ్చిన ప్రతివాళ్ళూ ఎందుకు తీశావు అన్నవాళ్ళే. ఆ రోజు ఏం జరిగింది అని నన్నడిగిన మనిషి ఒక్కరు లేరు. నువ్వూ అడగలేదు."

అవును, నేనూ అడగలేదు. చూసుకోవలసింది కదా అని నీతులు చెప్పాను.  గొంతు పెద్దది కాబట్టి నేను న్యాయం పక్షాన ఉంటానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఉత్తదని నలభై ఏడో ఏట తెలిసింది.

తేరుకుని, చెప్పులేసుకో అన్నాను అన్నయ్యతో. టైలర్ని బతిమాలడానికి కాదు, ఉన్నది చెప్పడానికి. అన్నయ్య చేతులు కడుక్కోవాలన్నాడు. కడుక్కున్నాడు. బండి జాకీ మీద ఉంది, ఎవరైనా కదిపితే ప్రమాదం అన్నాడు. చక్రాలకి రాళ్ళు పెట్టాను. సోమవారం వెళ్దామన్నాడు. అప్పుడు వదిన లేచింది. కుట్టిన చొక్కాలు సంచిలో సర్దుకుని, ఏమీ అనకుండా గేటు దాటింది. అన్నయ్య ఆవిడ వెనకాల నడిచాడు. నేను అన్నయ్య వెనకాల నడిచాను, మధ్యలో ఏ సందులోకైనా జారుకుంటాడేమోనని.

టైలర్ కొట్టు ఆరడుగుల వెడల్పు ఉంటుంది. గోడకి కత్తిరించిన బట్టల మూటలు, మిషను పక్కన వంగని కాలు చాపుకోవడానికి ఒక చెక్కపెట్టె. గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద ముసలావిడ గుండీలు ఏరి డబ్బాల్లో వేస్తోంది. వదినని చూడగానే, వచ్చావా మహాతల్లీ, ఆ కాలు బయటే పెట్టి లోపలికి రా అంది. ఇది రోజూ అనే మాటే కాబోలు, టైలర్ మిషను ఆపకుండానే కుడుతున్నాడు.

వదిన లోపలికి వెళ్ళి సంచి బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి అన్నయ్య వైపు చూస్తూ నిలబడింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. అదీ, ఆ రోజు ఏమైందంటే, నట్టు దగ్గర మాట కాస్త అటూ ఇటూ అయ్యి, అని గోడకున్న బట్టల మూటలతో చెప్పడం మొదలుపెట్టాడు. చివర్లో ఏమన్నాడో పక్కనే ఉన్న నాకే వినిపించలేదు.

"గట్టిగా చెప్పండి. ఆవిడకి చెవుడు," అంది వదిన.

అన్నయ్య మెడ మీద చెమట పట్టింది. తప్పు మా ఆవిడది కాదు, నాదే అన్నాడు కాస్త పైకి. ముసలావిడ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఆఁ అంది. మిషను ఆగింది.

"మళ్ళీ చెప్పండి," అంది వదిన.

అప్పుడు అరిచాడు. "తప్పు నాది. ఏం చెయ్యాలో దానికి తెలిసేలా నేను చెప్పలేదు. పెడల్ మెత్తగా ఉందని అది చెప్పింది. నేను వినలేదు. బండి ఇచ్చేశాను." ఎదురుగా ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టి బయటికొచ్చాడు. పక్కకొట్టు వాళ్ళూ వచ్చారు. వదిన మీద హాస్యాలాడిన ముఖాలే అన్నీ. రండి రండి, ఇంకాస్త ముందుకొచ్చి వినండి అన్నాను నేను.

టైలర్ రెండు చేతులతో వంగని కాలిని పెట్టె మీంచి కిందికి దించుకుని లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ మా అన్నయ్యని మేస్త్రీగారూ మీరూ అన్న మనిషి. "మెత్తగా ఉందని ఈ అమ్మ చెప్పిందా?" అన్నాడు. చెప్పింది అన్నాడు అన్నయ్య. "చెప్పినా నా చేతికి తాళం ఇచ్చావా?" అన్నాడు. అన్నయ్య తలూపాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే ఆపకూడదని కూడా అనుకున్నాను. కొట్టలేదు. తనూ తొందరపెట్టానన్న సంగతి గుర్తొచ్చిందో ఏమో, ముఖం తిప్పుకుని కిటికీ చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

నేను బడి సంగతి చెప్పాను. అతను కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆ అమ్మ తప్పు ఏమీ లేదు, ఆవిడ మాట వినుంటే నా కాలు నాకుండేది అని రాసి సంతకం పెట్టాడు. రాసింది నా చేతికి కాదు, వదిన చేతికిచ్చాడు. వదిన రెండుసార్లు చదువుకుని మడిచింది.

ముసలావిడ ఒళ్ళోని గుండీలన్నీ డబ్బాలో పోసి మూతపెట్టింది. పీట కాస్త పక్కకి జరుపుకుని, వదినని చూసి, కూర్చో అంది. ఇవాళ పనుందండీ, బడికి వెళ్ళాలి అంది వదిన. ముసలావిడ తలూపి, ఆ డబ్బా ఎత్తి అన్నయ్య ముందుకి చాచింది.

"అయితే రేపటి నుంచి నువ్వు రా. సూది తెచ్చుకో."

అన్నయ్య డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు. నేనూ వదినా వీధిలోకొచ్చాం. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. మలుపు దాకా నడిచాం. అక్కడికి చేరాక, వదినా, ఆవిడకి చెవుడని నువ్వు ఎప్పుడూ చెప్పలేదే అన్నాను.

"చెవుడెక్కడిది?" అంది వదిన. "కింద గుండీ పడితే చూడకుండా రెండు కన్నాలదో నాలుగు కన్నాలదో చెప్తుంది."